ఏదో పొరపాటు జరిగింది

సరే అని ఒక్కటే బటన్ పెట్టాడు మహానుభావుడు, ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి, కింద సరే, కాదు అనడానికి లేదు, ఏం పొరపాటు అని అడగడానికి లేదు, నీ మొహం అనడానికి అసలే లేదు, సరే నొక్కితే ఆ పెట్టె మాయమవుతుంది, మళ్ళీ మొదలుపెడితే పచ్చగీత నిదానంగా పాకుతూ ముప్పాతిక దాకా వెళ్ళి అక్కడ ఆగి ఆలోచిస్తున్నట్టు నటించి మళ్ళీ అదే ముక్క, ఏదో పొరపాటు జరిగింది, ఆ సంగతి నాకు తెలుసురా నాయనా, జరగకపోతే పొద్దున్నే ఈ ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఎందుకు కూచుంటాను, ఎదురుగా రెండు రెక్కల తలుపు, దాని మీద ఎర్ర బల్బు, దాని వెనకాల అక్క, అక్క గొంతు మీద కత్తి, అనుకుని అతను ఆ ఆలోచనను అక్కడికక్కడే తుంచేసి సరే నొక్కాడు.

పక్క కుర్చీలో బావ ఫ్లాస్కు రెండు చేతులతో పట్టుకుని కూచున్నాడు, దాన్ని ఎవరో లాక్కుపోతారన్నట్టు, ఏమోయ్ వచ్చిందా అన్నాడు, లేదు బావా అన్నాడు అతను, ఏమంటోంది అన్నాడు బావ, ఏదో పొరపాటట, ఏం పొరపాటట, చెప్పదు, చెప్పకపోతే ఎలా అన్నాడు బావ నిజంగానే ఆశ్చర్యపోయి, బావకి లాండ్రీ షాపు, ఆయన దగ్గర చొక్కా పాడైతే సున్నం మరకా, తుప్పు మరకా, ఇస్త్రీ వేడెక్కి కాలిందా, మరక చూడగానే చెప్పేస్తాడు, చెప్పకపోతే ఎలా అంటే ఏం చెప్తాం బావా, ఇది ఊరికే వచ్చిన ప్రోగ్రాం, ఓపెన్ సోర్సు, ఎవరో పుణ్యాత్ములు తీరిక వేళల్లో రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా విప్పి చూసుకోండి అని లోకానికి వదిలేసింది, ధర్మానికి దున్నపోతునిస్తే పళ్ళు పట్టి చూశాడట అంటారు, పళ్ళు చూడట్లేదు స్వామీ, పడుకుని లేవదేం అని అడుగుతున్నానంతే, కిటికీ కింద ఆసుపత్రి ఆవరణలో ఎవరో కారు వెనక్కి పెట్టబోయి పూలకుండీని తాకించి ఆగిపోయాడు, మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి, మళ్ళీ అదే కుండీ, అక్క చూస్తే ఊరుకునేదా, స్టీరింగు ఎడమకి కొట్టు నాన్నా, ఎడమంటే అన్నం తినని చెయ్యి, అద్దంలో నీ అందం కాదు చూడాల్సింది వెనక చక్రం, అని ఇక్కణ్ణుంచే కేకేసేది, మూడో అంతస్తు నుంచి కేకేసినా కింద వాడు బ్రేకు తొక్కేవాడు, అంత గొంతు.

అంత గొంతు, డ్రైవింగ్ స్కూల్లో పక్కసీట్లో కూచుని సగం ఊరికి కారు నేర్పిన గొంతు, భయపడి చక్రం వదిలేసిన వాళ్ళని తిట్టి, నవ్వించి, మళ్ళీ చక్రం పట్టించిన గొంతు, ఒకసారి ఎవరో పంతులుగారు నేర్చుకోడానికొచ్చి, అమ్మా పొరపాటు చేశారు అంటే చాలదా, అంత వివరంగా అరవాలా అంటే, పొరపాటన్న ముక్క మీకూ తెలుసు మాస్టారూ, కారు ఆగిపోయింది కదా, ఏ పొరపాటో చెప్పకపోతే మీరు మళ్ళీ అదే చేసి మళ్ళీ అక్కడే ఆగుతారు, దానికి నేనెందుకు, ఆ గోడ చాలదూ అందట, ఇంటికొచ్చి చెప్పి పడీపడీ నవ్వింది, ఆ నవ్వులోనే మొదటిసారి గొంతు జీర పోయింది, అందరూ అరుపుల వల్ల అనుకున్నారు, అక్కే అంది, ఏం లేదురా, వేణ్ణీళ్ళు తాగితే పోతుంది, వేణ్ణీళ్ళకి పోలేదు, మందుబిళ్ళలకి పోలేదు, పెద్ద డాక్టరు గొంతులోకి సన్నటి గొట్టం దింపి చూసి, చాలాసేపు చేతులు కడుక్కుని వచ్చి కూచుని, ప్రాణానికి ఢోకా లేదమ్మా, గొంతుపెట్టె మాత్రం తీసెయ్యాలి అన్నాడు, తీసేస్తే మాట అంది అక్క, మాట ఉండదమ్మా అన్నాడు, అక్క అతని వైపు తిరిగి, మీ బావ అదృష్టం పండిందిరా బుడంకాయ్ అంది, ముగ్గురూ నవ్వారు, డాక్టరుతో సహా.

అప్పుడు నేనున్నానుగా అన్నాడు అతను, ఎందుకన్నాడు, ఎవరడిగారు, ప్రింటింగ్ ప్రెస్సులో కరపత్రాలు కంపోజ్ చేసుకునేవాడు, అక్షరాలు సర్దడం తప్ప ఏం తెలుసని, కానీ ఇంట్లో ప్రింటరు ఆగినా ఫోను ఆగినా బుడంకాయ్ ఉన్నాడుగా అంటారు కాబట్టి ఉన్నాననుకున్నాడు, వెతికాడు, దొరికింది, గొంతు పోయేముందే ఆ మనిషి చేత కొన్ని వందల వాక్యాలు చదివించి పెడితే ఆ గొంతునే తయారుచేసి ఇస్తుందట, తర్వాత ఆ మనిషి ఏం రాసినా ఆ గొంతుతోనే పలుకుతుందట, బొమ్మ గొంతు కాదు, సొంత గొంతు, అక్క నోరు తెరిచి అతన్ని చూసింది, నిజంగానా, నిజంగానే అక్కా, అయితే వెనకసీటు వాణ్ణి కూడా తిట్టొచ్చా, తిట్టొచ్చు, రాసి పెట్టుకుని తిట్టొచ్చు, అక్క అతని బుగ్గ గిల్లింది, అంత వయసొచ్చిన వాణ్ణి పట్టుకుని.

రికార్డింగుకి బావ లాండ్రీ వెనకగది బాగుంటుందన్నాడు అతను, ఉతికి ఇస్త్రీ చేసి తీగలకి వేలాడదీసిన కోట్లూ చొక్కాలూ దుప్పట్లూ, బట్టల మధ్య మాట గోడకి కొట్టుకుని తిరిగి రాదు, రోజూ మధ్యాహ్నం బావ మిషన్లన్నీ ఆపేసేవాడు, కొట్టు ముందు ఖాతాదారులు గొణుక్కునేవాళ్ళు, ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి లోపల పనుంది అనేవాడు, లోపల ఎవరిదో సూటు భుజం అక్క చెవికి తగులుతూ, గంజి వాసన, ఆవిరి వాసన, అక్క స్టూలు మీద, అతను బట్టలకి ఇవతల నేల మీద లాప్‌టాప్‌తో, తెర మీద వాక్యం వచ్చేది, అక్క చదివేది, అతను నొక్కేవాడు, ఇంకోటి వచ్చేది, ఆ వాక్యాలు ఎవరు రాశారో గాని ఈ భూమ్మీద ఏ మనిషీ ఏ మనిషితోనూ అనడు, ఈ రోజు గాలి ఉత్తరం నుంచి వీస్తున్నది, బల్ల మీద నాలుగు గాజు సీసాలున్నవి, నా గొడుగు నీలం రంగుది, దాన్ని నిన్న బస్సులో మరిచిపోయాను, అన్ని శబ్దాలూ రావాలక్కా, అందుకని అలా రాస్తారు అన్నాడు, శబ్దాలు వచ్చాయి సరే, మాట ఏదిరా ఇందులో అంది, అని నవ్వి దగ్గింది, అదిగో, నవ్వకు, ఊరికే మాట్లాడకు, డాక్టరేమన్నాడు, రోజుకి కాస్తే వాడమన్నాడుగా, ఉన్న గొంతంతా దీనికే దాచాలి, వాక్యం తర్వాత వాక్యం అంతే, మధ్యలో కబుర్లొద్దు, అక్క బట్టల్లోంచి సరే అంది.

ఎన్నిసార్లంది సరే, లెక్కెవరికి తెలుసు, పప్పు కలుపుకుంటూ ఏదో మొదలుపెడితే అక్కా గొంతు అన్నాడు, సరే, ఫోన్లో ఎవరో పాత శిష్యురాలు చేస్తే ఫోను లాక్కుని అక్క మాట్లాడకూడదమ్మా అని తనే పెట్టేశాడు, సరే, బావ పాపం ఒకరోజు, రాత్రి పడుకునేముందు కాసేపు మాట్లాడుకుంటామోయ్ అని మొహమాటపడుతూ అడిగితే, బావా మీరు కూడానా అన్నాడు, బావ తలొంచుకుని ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు, కాపలా కుక్కలా కాశాడు అక్క గొంతుని, కంచె వేసి కాశాడు, మంచికే కదా, మంచికే, ఇప్పుడు బావ ఫ్లాస్కు మూత తిప్పి, తెరవకుండా మళ్ళీ బిగించి, ఆ తలుపు వైపు చూస్తున్నాడు, ఆయన అలా చూస్తుంటే చూడలేక అతను మళ్ళీ తెర వైపు తిరిగాడు, పచ్చగీత ముప్పాతిక, ఏదో పొరపాటు.

మొదటిసారి వచ్చినప్పుడు ఇంత కంగారు పడలేదు, చదవడం అయిపోయింది, అక్క బట్టల్లోంచి బయటికొచ్చి అతని వెనక నిలబడి చూస్తోంది, బావ కూడా వచ్చాడు, పిల్ల పుట్టేముందు ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడ్డారు ముగ్గురూ, గీత పాకింది, ఆగింది, ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ అదే, ఏమంటోందిరా అంది అక్క, అప్పుడు ఏమనాలి, తెలీదక్కా అనాలి, నాకు చేతకావట్లేదు అనాలి, ఆ పెట్టె ఏం చెప్పలేదు కాబట్టి, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, ఇంట్లో బుడంకాయ్ ఉన్నాడు కాబట్టి, నీ గొంతు సరిగా అందట్లేదేమోనక్కా, జీర ఎక్కువైంది, అది మనిషి గొంతని గుర్తుపట్టలేకపోతోంది అన్నాడు, ఎంత తెలిసినవాడిలా అన్నాడు, అక్క వేలాడుతున్న తెల్లకోటు చేతిని సవరించింది, అయితే అప్పుడే పోయిందన్నమాట అంది, కొయ్యకముందే, అని లోపలికి వెళ్ళిపోయింది, ఆ రాత్రి భోజనానికి రాలేదు, బావ వచ్చి ఏడుస్తోందోయ్ అన్నాడు, ఏడిస్తే గొంతు ఇంకా పాడవుతుంది బావా అన్నాడు అతను, ఛీ, ఆ మాట అన్న నోరు ఈ నోరే.

అప్పట్నుంచి కంచె ఇంకా బిగించాడు, అసలు మాటే వద్దన్నాడు, పలక తెచ్చి ఇచ్చాడు, గొంతుకి విశ్రాంతి ఇస్తే జీర తగ్గుతుంది, జీరగా ఉన్న వాక్యాలు మళ్ళీ చదివిద్దాం, అక్క మూగదానిలా ఇంట్లో తిరిగింది, ఇంకా గొంతున్న మనిషి, పలక మీద రాయడం అక్కకి రాదు, రాయడమంటే బద్ధకం, కావాలి, వద్దు, ఉప్పు తక్కువ, అంతే రాసేది, ఏమైనా చెప్పాలా అక్కా రాయి అంటే, ఏం లేదు అని రాసి తుడిచేసేది, మధ్యాహ్నం అవగానే మళ్ళీ స్టూలు, మళ్ళీ ఉత్తరపు గాలి, మళ్ళీ గాజు సీసాలు, ఒక్కో రికార్డింగు మొదటి ముక్క విని, జీరగా ఉంటే మళ్ళీ చదివించి, బాగుంటే వదిలేసి, నిన్న సాయంత్రం దాకా, నిన్న సాయంత్రం కూడా ఏదో పొరపాటు జరిగింది, అక్క ఆ పెట్టె వైపు చూసి, అతని తల మీద చెయ్యి వేసి నిమిరింది, పోన్లేరా అన్నట్టు, అక్క క్షమించినకొద్దీ అతనికి కసి పెరిగింది, ఆపరేషను పూర్తయ్యేలోపైనా సాధించి తీరాలని ఆసుపత్రికి కూడా దీన్ని చంకన పెట్టుకొచ్చాడు.

ఒక్కడికైనా ఇలాగే అయి ఉంటుంది కదా అని వాళ్ళ చర్చల పేజీలన్నీ గాలించాడు, అయింది, నాలుగేళ్ళ కిందట ఎవరికో సరిగ్గా ఇదే, ఇదే ముప్పాతిక దగ్గర ఇదే ముక్క, మా నాన్నగారి గొంతు, దయచేసి సాయం చెయ్యండి అని రాశాడు పాపం, కింద ఒకాయన నా కంప్యూటర్లో బాగానే పనిచేస్తోందే అన్నాడు, బాగుంది నాయనా, మీ కంప్యూటరుకి హారతివ్వండి, ఇంకొకాయన వివరాల ఫైలు చూసుకోండి అన్నాడు, వివరాల ఫైలు అతనూ చూశాడు, అందులో తేదీ, టైము, ఏదో పొరపాటు జరిగింది, ఆఖర్న మళ్ళీ ఆ మొదటివాడే, దొరికింది, సరిపోయింది, అందరికీ ధన్యవాదాలు, అంతే, ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎలా సరిపోయింది, ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయిందిరా దరిద్రుడా, నూతిలో పడి లేచినవాడివి పక్కవాడికి మెట్టెక్కడుందో చెప్పవా, అని పళ్ళు కొరికి, పాపం వాడికి ఆ క్షణంలో వాళ్ళ నాన్న గొంతు వినిపించి ఉంటుంది, ఇంకేం గుర్తుంటుంది అనుకుని, అనుకోగానే కళ్ళు చెమ్మగిల్లాయి, నర్సు చెప్పులు టపటపలాడించుకుంటూ పోయింది, అమ్మా లోపల ఎలా, అన్నాడు బావ సగం లేచి, జరుగుతోందండీ, కూర్చోండి అంది ఆగకుండానే, ఈవిడా అంతే, జరుగుతోంది, కూర్చోండి, కింద సరే.

విప్పి చూసుకోమన్నారుగా అని ప్రోగ్రాం విప్పి కూడా చూశాడు, సగం అర్థం కాలేదు, అర్థమైన సగం కాకపోయినా బాగుండేది, లోపల పాతిక రకాలుగా ఏం తేడా వచ్చినా, ఫైలు చెడినా, మైకు చెడినా, మనిషి చెడినా, అన్నిటికీ కింద ఒకటే వల పట్టాడు, ఏది పడినా ఏదో పొరపాటు జరిగింది, ఆ ముక్క పక్కన ప్రోగ్రాం రాసినవాడు తనకోసం చిన్న మాట రాసి పెట్టుకున్నాడు, ఇక్కడ వివరం తర్వాత రాయాలి, తర్వాత, ఎన్నో ఏళ్ళ కిందటి తర్వాత, ఆ పూట వాడికి ఏ నిద్రొచ్చిందో, ఏ చంటిపిల్ల ఏడ్చిందో, తర్వాత చూద్దాంలే అనుకుని ఉంటాడు, చెడ్డవాడై ఉండడు, ఆ తర్వాత మాత్రం రాలేదు, వాడు అక్కడితో మరిచిపోయాడు, లోకంలో ఎక్కడెక్కడో గొంతులు పోతున్నవాళ్ళు ఆ ముక్క దగ్గరికొచ్చి వరసగా తలలు బాదుకుంటున్నారు.

ఆ కారు ఇంకా కుండీ దగ్గరే ఉంది, ఎవరో ముసలాయన దిగి అటు చూసి ఇటు చూసి మళ్ళీ ఎక్కాడు, గోడ చాలదూ అంది అక్క అతని తలలో ఎక్కడో, ఏ పొరపాటో అది చెప్పకపోతే నువ్వే కనుక్కోవాలి, ఎలా, దుకాణం ముందు వేలాడేసిన చిన్న బల్బుల దండ వెలగకపోతే ఏం చేస్తాం, సగానికి విడదీసి చూస్తాం, వెలగని సగాన్ని మళ్ళీ సగం, ఇది మొన్నే ఎందుకు తోచలేదు, మొన్న తప్పు అక్క గొంతుదని తేల్చేశాడుగా, తేల్చేసినవాడికి వెతికే పనేముంది, వాక్యాల్లో సగం తీసి పక్కన పెట్టి నడిపించాడు, గీత ముప్పాతిక దాటింది, దాటి చివరి దాకా పోయింది, బావా అన్నాడు, ఏంటోయ్, ఏం లేదు, ఉండండి, అంటే అక్క గొంతు బాగానే ఉంది, దానికి అక్క గొంతంటే ఏ అభ్యంతరం లేదు, జీరా లేదు గీరా లేదు, మనిషి గొంతని చక్కగా గుర్తుపట్టింది, మరి మొన్న తను అన్నమాట, తెల్లకోటు చేతిని సవరించిన అక్క, సరే, ముందు ఇది, మిగిలిన సగం, అందులో సగం, పొరపాటు, దానిలో సగం, దాటింది, అటు సగం, పొరపాటు, బావ ఫ్లాస్కు పక్కన పెట్టి తెర వైపు వంగాడు, ఏం జరుగుతోందో తెలియకపోయినా, తప్పు దగ్గరపడుతోంది, ఇంకో సగం, ఇంకో సగం, చివరికి చేతిలో ఒక్కటి మిగిలింది, ఒక్క ఫైలు, గొడుగు వాక్యం.

చెవుల్లో తీగలు పెట్టుకుని విన్నాడు, నా గొడుగు నీలం రంగుది, దాన్ని నిన్న బస్సులో మరిచిపోయాను, శుభ్రంగా ఉంది, గంట కొట్టినట్టుంది, ఇంతవరకే విని ఆ రోజు వదిలేశాడు, ఇప్పుడు వదల్లేదు, ఆపే బటన్ నొక్కడం ఆలస్యమైంది కాబోలు, బట్టల గుసగుస, అక్క ముక్కుతో నవ్వడం, నాకు గొడుగెక్కడేడ్చిందిరా అంది అక్క, చదివే గొంతు కాదు, అక్క గొంతు, ఒరేయ్ బుడంకాయ్, గొడుగంటే గుర్తొచ్చింది, నీకెప్పుడూ చెప్పలేదు, ఆ రోజు వానలో నిన్ను, అక్కడ ఇంకో గొంతు పడింది, గట్టిగా, విసుగ్గా, అధికారంగా, అక్కా మాట్లాడకు, ఊరికే గొంతు పాడుచేసుకోకు, తర్వాత చెబుదువుగానిలే, ఇంకో వాక్యం చదువు, ఎవర్రా వీడు అనుకున్నాడు ఒక్క క్షణం, నిజంగానే గుర్తుపట్టలేదు, మళ్ళీ బట్టల గుసగుస, తర్వాత అక్క, సరే.

అదీ పొరపాటు, ఒక్క గొంతు ఉండాల్సిన చోట రెండో గొంతు పడింది, ఏ గొంతు తయారుచెయ్యాలో తెలియక అది మొరాయించింది, నీ గొంతు అడ్డొచ్చింది నాయనా అని ఒక్క ముక్క చెప్పి ఉంటే మొన్ననే వినేవాడు, మొన్న అక్కకి ఇంకా గొంతుంది, బట్టల్లోకి పరిగెత్తుకెళ్ళి ఏ వానక్కా అని అడిగేవాడు, ఏ వాన, బడి వదిలిపెట్టాక ఇద్దరూ తడిసి వచ్చిన వానా, అమ్మ పోయిన వారం పడిన వానా, తనకి కారు నేర్పుతూ గోడకి గుద్దించిన నాటి వానా, నిన్ను అంది, నిన్ను ఏం చేసింది, తిట్టిందా, మోసిందా, వదిలేసి పోదామనుకుందా, నీకెప్పుడూ చెప్పలేదు అంది, ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్న మాట ఒక పిచ్చి గొడుగు పుణ్యమా అని నాలుక చివరికొస్తే, తర్వాత చెబుదువుగానిలే, తర్వాత, అదే తర్వాత, తర్వాత రాయాలన్న ఆ వలవాడికి ఇందాక ఎన్ని వంకలు పెట్టాడు.

రాసి చెప్తుందిలే, ఇవాళ కాకపోతే ఎల్లుండి, కోలుకున్నాక పలకిచ్చి, అక్కా ఆ వాన సంగతేంటి అని అడిగితే, అడిగితే ఏం రాస్తుందో అతనికి తెలుసు, ఏం లేదు అని రాసి తుడిచేస్తుంది, అది పలక మాట కాదు, నవ్వుతూ నవ్వుతూ జారే మాట, చేతుల్లో ఆ గొడుగు ఫైలుని పట్టుకున్నట్టే ఉంది అతనికి, దాన్ని తీసి పక్కన పెట్టాడు, చెరిపెయ్యలేదు, పక్కన పెట్టాడు, మిగిలినవన్నీ కలిపి మొదలుపెట్టాడు, పచ్చగీత పాకింది, ముప్పాతిక దగ్గర ఆగను కూడా ఆగలేదు, చివరికి వెళ్ళి, గొంతు సిద్ధంగా ఉంది, చెప్పవలసిన మాట ఇక్కడ రాయండి అంది, ఇన్నాళ్ళకి ఒక్క తెలుగు ముక్క సవ్యంగా మాట్లాడింది, ఇన్నాళ్ళుగా కలలుగన్న క్షణం, ఎగిరి గంతెయ్యాలి, చెవి తీగలు ఊడబీకి, ఒరేయ్ బుడంకాయ్ అని రాసి నొక్కాడు.

ఒరేయ్ బుడంకాయ్ అంది అక్క, కాయ్ దగ్గర కాస్త సాగింది, కోపం లేదు, నవ్వు లేదు, గాజు సీసాలున్నవి అన్నట్టే అంది, కానీ అక్కే, బావ కుర్చీలోంచి దిగ్గున లేచాడు, ఫ్లాస్కు దొర్లి టీ నేలంతా పారింది, ఆయన లాప్‌టాప్ వైపు చూడలేదు, ఆ రెండు రెక్కల తలుపు వైపు చూశాడు, తలుపు మూసే ఉంది, ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది, మెల్లిగా తిరిగి, ఇదేనా అన్నాడు, ఇదే బావా, బావ వచ్చి పక్కన కూచుని తెర మీద చెయ్యి వెయ్యబోయి, తడి చెయ్యి అని చొక్కాకి తుడుచుకుని, ఇంకేమంది అన్నాడు చంటిపిల్లాడిలా, ఇంకా ఏమైనా అనమనోయ్, అతను తెర వైపు చూశాడు, రాయాల్సిన చోట సన్నటి నల్లగీత వెలుగుతూ ఆరుతూ ఉంది, ఏం రాయాలి, ఏది రాస్తే అదే కదా అంటుంది, ఆ రోజు వానలో నిన్ను, తర్వాత.

పొద్దున, ఇంతసేపూ ఎటు తిరిగినా అటు వెళ్ళకుండా తప్పించుకున్న పొద్దున, ఆ తలుపు దగ్గర, చక్రాల మంచం మీద అక్క, జుట్టంతా టోపీలోకి తోసేశారు, మొహం చిన్నపిల్ల మొహమైపోయింది, బావ పాదాలు పట్టుకుని నడుస్తున్నాడు, ఒక్క నిమిషం బాబూ అంది అక్క మంచం తోసేవాడితో, వాడు ఆగాడు, అందరికంటే పరాయివాడు, వాడు ఆగాడు, అక్క చెయ్యి చాచి అతని చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఒరేయ్ అంది, ఒరేయ్ అని గొంతు సవరించుకుంది, ఏదో పెద్దది చెప్పబోయేముందు సవరించుకున్నట్టు, అప్పటికి వాక్యాలు అయిపోయాయి, మైకు సంచిలో ఉంది, దాచడానికి ఇంక ఏ గొంతూ లేదు, దేనికీ దాచక్కర్లేదు, ఐనా అతని వేలు దానంతటదే లేచి పెదాల మీదికొచ్చింది, ష్, మాట్లాడకక్కా, గొంతు, అన్నాడు, అలవాటు, ఉత్త అలవాటు, అక్క అతని వైపు చూసింది, కళ్ళతో నవ్వింది, చొక్కా వదిలేసింది, తలుపు రెక్కలు మంచాన్ని మింగి మళ్ళీ కలుసుకున్నాయి, ఇప్పుడు అక్క గొంతు అతని ఒళ్ళో ఉంది, గాలి ఏ దిక్కునుంచి వీస్తుందో చెప్తుంది, గొడుగు రంగు చెప్తుంది, బావ ఏది అనమంటే అది అంటుంది, అక్క చెప్పాలనుకున్న మాట తప్ప, ఆ మాటని జబ్బు పట్టుకుపోలేదు, కత్తి కొయ్యలేదు, మాటకి ఇంకా గొంతు ఉండగానే అతనే పెదాల మీద వేలు పెట్టాడు, అక్క సరే అంది.